ఒక గదిలో పాట వస్తుంది, పక్క గదిలో రాదు: ఇంటి మీడియా సర్వర్ సౌండ్ గురించి

అమెరికాకో కెనడాకో కొత్తగా వచ్చి అద్దె ఇంట్లో కుదురుకున్నాక చాలామంది పెట్టుకునేదే ఇది. పాత లాప్‌టాప్‌నో రాస్ప్‌బెర్రీ పై బోర్డునో సర్వర్‌గా మార్చి, పాటలూ సినిమాలూ అందులోకి ఎక్కించి, గదికో స్పీకర్ తగిలిస్తారు. ఆ తర్వాత నన్ను అడిగేది కూడా దాదాపు ఒకే ప్రశ్న: "అన్నీ కనెక్ట్ అయ్యాయి, పాట నడుస్తున్నట్టే చూపిస్తోంది, సౌండ్ మాత్రం రావట్లేదు, ఏం చేయమంటారు?" ముందు సెట్టింగుల మీద చెయ్యి వేయకండి. ఫైలు నుంచి మీ చెవి దాకా సౌండ్ ప్లేయర్ ప్రోగ్రామ్, సౌండ్ కార్డు, నెట్‌వర్క్, అవతలి గదిలో స్పీకర్‌కి పాట అందించే చిన్న డబ్బా, దాని ఆంప్లిఫయర్, ఇన్నిటిని దాటుకుని రావాలి. ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తేలితే సగం పని అయిపోయినట్టే. అది తేలకుండా నాలుగు చోట్ల నాలుగు మార్చారంటే మొదట ఏది చెడిందో ఇక ఎప్పటికీ తెలియదు.

నెట్‌వర్క్‌ని కాసేపు పక్కన పెట్టి, సౌండ్ రాని గదిలోని డబ్బాకే నేరుగా హెడ్‌ఫోన్స్ పెట్టి చూడండి (రాస్ప్‌బెర్రీ పై 5కి హెడ్‌ఫోన్ జాక్ ఉండదు, యూఎస్‌బీ డాక్ (DAC) లాంటి బయటి సౌండ్ కార్డు తగిలించాల్సిందే). లినక్స్ అయితే ఏప్లే కమాండ్‌కి మైనస్ ఎల్ తగిలిస్తే (aplay -l) సిస్టమ్‌కి కనిపిస్తున్న సౌండ్ కార్డులన్నీ వరసగా వస్తాయి. మీ కార్డు ఆ జాబితాలోనే లేకపోతే డ్రైవర్ సంగతో కేబుల్ సంగతో చూసుకోవాలి, మిగతావన్నీ తర్వాత. ఉంటే ఆల్సామిక్సర్ (alsamixer) అనే సౌండ్ స్థాయిల ప్రోగ్రామ్ తెరవండి. నిలువు బార్లు కనిపిస్తాయి కదా, ఒక్కోదాని కింద చిన్న గడి ఉంటుంది, అందులో ఎమ్ ఎమ్ అని ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు. బార్ వంద దాకా నిండుగా ఉన్నా సరే సౌండ్ రాదు. బాణం గుర్తులతో దాని మీదికి వెళ్లి కీబోర్డు మీద ఎమ్ నొక్కితే గడిలో రెండు సున్నాలు వస్తాయి, అప్పుడు తెరుచుకున్నట్టు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్‌లలో చాలాసార్లు కథ ఇక్కడే ముగుస్తుంది.

నిన్న వచ్చిన సౌండ్ రీబూట్ చేశాక రావట్లేదా? రెండు అనుమానాలు. ఒకటి, కార్డు నంబర్లు తారుమారు అయి ఉంటాయి. నిన్న 1గా ఉన్న యూఎస్‌బీ డాక్ ఇవాళ 0 అయి, ఆ 1 హెచ్‌డీఎమ్‌ఐకి పోయి ఉంటుంది, మీ పాట ఆపేసి ఉన్న టీవీలోకి వెళ్తూ ఉంటుంది. అందుకే కాన్ఫిగరేషన్‌లో కార్డుని నంబర్‌తో కాకుండా పేరుతో రాయండి. రెండోది, లినక్స్‌లో సౌండ్‌ని నడిపించే సర్వీసులు పల్స్‌ఆడియో గానీ పైప్‌వైర్ గానీ మామూలుగా యూజర్ లాగిన్ అయ్యాకే మొదలవుతాయి, మానిటర్ లేకుండా అల్మరాలో పెట్టిన సర్వర్‌లో ఎవరూ లాగిన్ అవ్వరు కాబట్టి సౌండ్ సర్వీసే లేవదు. ఆ యూజర్‌కి లింగర్ (లాగిన్ కాకపోయినా అతని సర్వీసులు నడిచేలా చేసే సెట్టింగ్) ఆన్ చేస్తే చాలు. డాకర్ కంటైనర్‌లో ప్లేయర్ నడిపేవాళ్లు సౌండ్ డివైస్ ఫోల్డర్‌ని లోపలికి ఇచ్చారా, ఆడియో గ్రూప్ అనుమతి ఉందా చూసుకోండి.

ఇక అసలు తలనొప్పి నెట్‌వర్క్. కొత్తగా వచ్చినవాళ్లకి ఇదే ఎక్కువ, ఎందుకంటే ఇల్లు అద్దెది, ఇంటర్నెట్ డబ్బా కంపెనీ వాళ్లు ఇచ్చింది, దాని పక్కన మనం కొనుక్కున్న ఇంకో రౌటర్. ఇవి రెండూ ఎవరికి వారే రౌటర్లుగా పనిచేస్తుంటే మీ ఇంట్లో తెలియకుండానే రెండు నెట్‌వర్కులు ఉన్నట్టు. సర్వర్ ఒకదాంట్లో, బెడ్‌రూమ్ స్పీకర్ రెండోదాంట్లో పడితే రెండిట్లోనూ ఇంటర్నెట్ బాగానే వస్తుంది, కానీ ఆప్‌లో స్పీకర్ కనిపించదు. తేల్చుకోవడం తేలిక. రెండిటి ఐపీ అడ్రస్‌లు పక్కపక్కన రాసుకోండి. ఒకటి 192.168.1తో, ఇంకోటి 192.168.0తోనో 10.0.0తోనో మొదలైతే దాదాపుగా ఇదే కారణం. మీ రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (వైఫై మాత్రమే ఇచ్చేలా) మార్చండి, లేదా కంపెనీ డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి ఇంటర్నెట్‌ని దాటించేలా) పెట్టండి.

అపార్ట్‌మెంట్ వాళ్లే వైఫై ఇచ్చే చోట ఇంకో చిక్కు. అందులో మామూలుగా ఒక పరికరం ఇంకో పరికరానికి కనపడకుండా కట్టడి చేసి ఉంచుతారు. పక్కింటివాళ్లు మీ ఫోన్‌లోకి తొంగిచూడకుండా పెట్టిన రక్షణ అది, మంచిదే, కానీ మీ ఫోన్‌కి మీ స్పీకర్ కూడా కనపడదు. రౌటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్ కూడా ఇలాంటిదే. దీనికి సెట్టింగులు వెతుక్కోవడం దండగ. సొంతంగా చిన్న రౌటర్ ఒకటి పెట్టుకుని, బిల్డింగ్ ఇంటర్నెట్‌ని దానికిచ్చి, మీ సామానంతా దాని వెనకాల చేర్చండి. అద్దె ఒప్పందంలో సొంత రౌటర్‌కి ఒప్పుకుంటారో లేదో ముందే చూసుకోండి.

ఎయిర్‌ప్లే, క్రోమ్‌కాస్ట్ లాంటివి ఒకదాన్నొకటి కనుక్కోవడానికి మల్టీకాస్ట్ మెసేజ్‌లు (ఒకేసారి చాలా పరికరాలకి వెళ్లేవి) పంపుకుంటాయి, 224.0.0.251 అడ్రస్ మీద, పోర్ట్ 5353లో. టీవీలు, ప్లేయర్లు సర్వర్‌లోని ఫైళ్లు తీసుకునే డీఎల్‌ఎన్‌ఏ పద్ధతి అయితే 239.255.255.250, పోర్ట్ 1900. కొన్ని మెష్ రౌటర్లు, స్విచ్‌లు ఐజీఎమ్‌పీ స్నూపింగ్ (మల్టీకాస్ట్‌ని అడిగినవాళ్లకే పంపే ఏర్పాటు) పేరుతో వీటిని సరిగ్గా దాటనివ్వవు, స్పీకర్ కాసేపు కనపడి మాయమవుతుంటే ఆ ఆప్షన్ ఒకసారి మార్చి చూడండి. ఫైర్‌వాల్ ఉంటే, అన్ని గదుల్లో ఒకేసారి పాట వినిపించే స్నాప్‌కాస్ట్ ప్రోగ్రామ్‌కి 1704 పోర్టు, అలాంటిదే అయిన లిరియన్ మ్యూజిక్ సర్వర్‌కి 3483, 9000 పోర్టులు తెరిచి ఉండాలి. ఇంకో మాట, ఆఫీసు లాప్‌టాప్ నుంచి పాట పెట్టబోతే ఏ స్పీకరూ కనిపించడం లేదంటే వీపీఎన్ ఆన్‌లో ఉందేమో చూడండి. చాలా కంపెనీల వీపీఎన్ ఇంటి నెట్‌వర్క్‌ని పూర్తిగా మూసేస్తుంది. ఆఫీసు లాప్‌టాప్‌లో దాన్ని తప్పించే ప్రయత్నాలు మాత్రం వద్దండి, వీసా మీద ఉన్నవాళ్లకి ఆ టెన్షన్ ఎందుకు, ఫోన్ నుంచి పెట్టుకోండి.

తెగి తెగి వస్తుంటే అందరూ ఇంటర్నెట్ స్పీడ్ పెంచుకుంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. సీడీ నాణ్యత పాటకి గదికి సెకనుకి 1,411 కిలోబిట్లు చాలు, పైగా అది ఇంట్లోనే తిరుగుతుంది. అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ నిండా చుట్టుపక్కల వాళ్ల వైఫైలే, అందులో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, రాస్ప్‌బెర్రీ పైలో వైఫై పవర్ సేవ్ ఆపేయండి. గోడకి రంధ్రం పెట్టనివ్వకపోయినా అంచు వెంబడి పలచటి నెట్‌వర్క్ కేబుల్ లాగొచ్చు, కనీసం సర్వర్‌కైనా వైరు ఉండాలని నా గట్టి అభిప్రాయం.

అన్ని గదుల్లో వస్తోంది గానీ ప్రతిధ్వనిలా వినిపిస్తోంది అనేవాళ్లు ఇలా చేయండి. టిక్ టిక్‌మనే మెట్రోనోమ్ ఫైలు పెట్టి, రెండు గదుల మధ్య గుమ్మంలో, రెండు స్పీకర్లకీ సమాన దూరంలో నిలబడండి. ఒక్క దెబ్బలా వినిపిస్తే కుదిరినట్టు. రెండు దెబ్బలుగా వినిపిస్తే ఏ గదిది ముందు వస్తోందో చూసుకుని, స్నాప్‌కాస్ట్‌లో ఆ క్లయింట్‌కి (ఆ గదిలోని డబ్బాకి) ఉన్న లేటెన్సీ, అంటే ఆలస్యం, అంకెని పదేసి మిల్లీసెకన్లు మారుస్తూ వెళ్లండి. సమాన దూరం అని ఎందుకన్నానంటే శబ్దం మీటరు దాటడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. బ్లూటూత్ స్పీకర్‌ని మాత్రం ఈ గుంపులో కలపకండి, దాని ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటడం మామూలే, పైగా మారుతూ ఉంటుంది.

సినిమాలో బొమ్మ వచ్చి సౌండ్ రాకపోతే అది వేరే కథ. ఫైల్లో ఆడియో డీటీఎస్‌లో (సినిమాల్లో వాడే ఒక సరౌండ్ సౌండ్ ఫార్మాట్) ఉండి, ప్లేయర్‌లో పాస్‌త్రూ (సౌండ్‌ని విప్పకుండా అలాగే టీవీకి పంపడం) ఆన్ చేసి ఉండి, టీవీకి డీటీఎస్ రాకపోతే నిశ్శబ్దమే. పాస్‌త్రూ ఆపి, పీసీఎమ్ (ప్లేయరే విప్పి ఇచ్చే మామూలు సౌండ్) స్టీరియో పెట్టి చూడండి. ఆప్టికల్ కేబుల్‌లోంచి ట్రూహెచ్‌డీ (డాల్బీ వాళ్ల నాణ్యమైన సరౌండ్ ఫార్మాట్) గానీ మల్టీఛానెల్ పీసీఎమ్ గానీ వెళ్లవు, టీవీ మీదుగా వాటిని పంపాలంటే సౌండ్‌బార్‌కీ టీవీకీ ఈఆర్క్ (హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌లో టీవీ నుంచి సౌండ్ వెనక్కి పంపే సదుపాయం) ఉండాలి.

స్పీకర్లో గుయ్యిమని హమ్ వస్తుంటే ఎక్కువగా గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ వైర్లు రెండు దారుల్లో కలవడం). ఆంప్లిఫయర్‌నీ సర్వర్‌నీ ఒకే పవర్ స్ట్రిప్‌కి పెట్టండి, తగ్గకపోతే మధ్యలో ఆప్టికల్ కేబుల్ వాడండి. హమ్ పోతుంది కదా అని ప్లగ్‌కి ఉన్న ఎర్త్ పిన్ ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకండి, ప్రాణం మీదికి వస్తుంది. మన దేశం నుంచి ఆంప్లిఫయర్ తెచ్చుకున్నవాళ్లు వెనక స్టిక్కర్ చదవండి. 100-240 అని ఉంటే ప్లగ్ మార్చుకుంటే సరిపోతుంది. 230 అని మాత్రమే ఉంటే అమెరికా, కెనడాల 120 వోల్టుల మీద అది సరిగ్గా పనిచేయదు, దానికి సరిపడా వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ కొనే బదులు ఇక్కడిదే చిన్నది ఒకటి తీసుకోవడం మేలు.