వంట పందిరి నుంచి ప్రభువు బల్ల దాకా

ప్రశ్న: నా వయసు 43. పుట్టింటివారిది బాప్టిస్టు సంఘం. పెళ్లయి అత్తింటివారి లూథరన్ సంఘానికి వచ్చి 19 ఏళ్లయింది. ఇప్పటికీ అక్కడ నేను 'ఫలానావారి కోడలి'నే. అత్తగారు స్త్రీల సమాజానికి పెద్ద. నేనేదైనా చేస్తానంటే "నేనున్నాగా, నీకెందుకమ్మా" అంటారు. పండగొస్తే మాత్రం వంటకు నేను కావాలి. పోయిన వార్షికోత్సవం నాడు వెనక పందిట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే లోపల రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభురాత్రి భోజన సంస్కారం అయిపోయింది. ఒక్కరూ పిలవలేదు. స్నేహితురాలితో వేరే ప్రార్థన మందిరానికి వెళ్తే, అక్కడ ఒకావిడ నా చెయ్యి పట్టుకుని పేరు అడిగింది. ఏడుపు ఆగలేదు. పిల్లలిద్దరూ హాస్టల్లో ఉన్నారు. లెక్కల టీచరు ఉద్యోగం ఎప్పుడో మానేశాను. ఆ మందిరానికి మారిపోనా? మావారు ఒప్పుకోరు.
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆ ఉల్లిపాయల మాట దగ్గరే నేను ఆగిపోయాను. మిగతావన్నీ సర్దుకోగల సంగతులు. ఇది అలా కాదు. సంఘం తన కూతుర్ని పనిలో పెట్టి, ప్రభువు బల్లకు పిలవడం మరిచిపోయింది. మీరు చిన్నబుచ్చుకోవడంలో తప్పేమీ లేదు.

మన సంఘాలకు ఆ పేరు తెచ్చిన మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరావళిలో ఆ సంస్కారం గురించి చెబుతూ, 'మీ కొరకు' అన్న మాటను గట్టిగా పట్టుకున్నాడు. రొట్టె విరిచి ప్రభువు పలికిన మాట అది. ఆ మాటను నమ్మినవారే యోగ్యులని లూథర్ అంటాడు. ఎంత సేవ చేశారని అక్కడ ఎవరూ లెక్క చూడరు. ఎవరి కోడలని కూడా అడగరు. లూథరన్ విశ్వాసమంతా నిలబడింది కృప మీదే కదా. కానీ మీరు 19 ఏళ్లుగా వండి వడ్డించి ఆ సంఘంలో చోటు సంపాదించుకోవాలని చూస్తున్నారేమో, ఒకసారి ఆలోచించండి. ఆ చోటు బాప్తిస్మంలోనే మీకు దొరికింది. ఇక కొనుక్కోవాల్సిన పని లేదు.

అందుకే మొదట చెయ్యాల్సింది ఇదీ. ఈసారి వంటకు పిలిస్తే రానని అనకండి. "వస్తానండీ, కానీ సంస్కారం వేళకి లోపలికి వెళ్తాను, ఆ కాసేపు పొయ్యి దగ్గర ఇంకొకర్ని చూడండి" అని ముందే చెప్పండి. గొంతు పెంచక్కర్లేదు, సంజాయిషీ అసలే అక్కర్లేదు. పాస్టరు అయ్యగారితో కూడా ఒక మాట అనండి. వంట దగ్గరున్నవాళ్లంతా లోపలికి వచ్చాకే సంస్కారం మొదలుపెట్టమని అడగండి. మీ పక్కన అరటాకులు కడిగే ఆవిడకీ ఆ బల్ల దగ్గర చోటుంది.

ఇక పని సంగతి. "ఏదైనా పని ఇవ్వండి" అని అడిగితే మళ్లీ టీ గ్లాసులే చేతికొస్తాయి. మీ చేతిలో ఉన్న విద్య పేరు చెప్పి అడగాలి. గుంటూరు వాళ్లకి కుగ్లర్ ఆసుపత్రి గురించి చెప్పాలా? డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి మిషనరీగా గుంటూరు వచ్చినప్పుడు, పంపిన మిషన్ వాళ్లు ఆమెకు అప్పగించింది వైద్యం కాదు, ఇళ్లలో ఉండే ఆడవాళ్ల మధ్య చదువు చెప్పే జెనానా పని. ఆ పని చేస్తూనే రోగుల్ని చూసింది. పరాయి మగవాడికి నాడి చూపించలేని ఆడవాళ్లు ఊరినిండా ఉంటే, చదువుకున్న వైద్యాన్ని ఆమె పెట్టెలో దాచుకోలేదు. 1898కి ఆసుపత్రి లేచింది. అప్పగించిన పనీ, చేతిలో ఉన్న విద్యా వేరువేరైతే ఏం చెయ్యాలో ఆమెను చూసి నేర్చుకోవచ్చు.

మీకు లెక్కలొచ్చు. సంఘంలో పదో తరగతి పిల్లలు ఎంతమంది ఉన్నారో, వాళ్లలో లెక్కలంటే వణికేవాళ్లెవరో కనుక్కోండి. "శనివారం సాయంత్రం గంటన్నర, సండే స్కూల్ గది తాళం నాకిప్పించండి" అని అయ్యగారిని అడగండి. ఇద్దరే వచ్చినా మొదలుపెట్టండి. ఇది దేవుని పని కాదని ఎవరైనా అంటే నొచ్చుకోకండి. చెప్పులు కుట్టేవాడి పనీ, పిల్లను సాకే తల్లి పనీ దేవుని పిలుపేనని బోధించిన సంఘం మనది.

అత్తగారి గురించి నా మాట మీకు నచ్చకపోవచ్చు. ఆవిడ మిమ్మల్ని తొక్కిపెడుతున్నారని నాకనిపించడం లేదు. ఆ సమాజం తప్ప ఆవిడకి తనదంటూ ఇంకేముంది? మా మేనత్త రేపల్లె వైపు బైబిలు స్త్రీగా, అంటే ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకి బైబిలు చెప్పే మనిషిగా పనిచేసింది. మధ్యాహ్నం ఇళ్లల్లో ఆడవాళ్ల పనులు తెమిలే వేళకి గుడ్డసంచి భుజాన వేసుకుని బయల్దేరేది. మోకాళ్లు పట్టేసి నడవలేకపోయాక కూడా ఆ సంచి ఎవరికీ ఇవ్వలేదు, తలకింద పెట్టుకుని పడుకునేది. కొంగు పట్టుకుని నాలుగు ఇళ్లు తనతో తిరిగిన పక్కింటి కోడలికి మాత్రం తనంతట తానే ఇచ్చింది. మీరూ అత్తగారి పదవి జోలికి పోకండి. "అత్తయ్యా, రోగుల ఇళ్లకి వెళ్లేటప్పుడు నన్నూ తీసుకెళ్లండి" అని అడగండి. దారిలో ఎవరింట్లో ఏ కష్టమో ఆవిడ చెబుతారు, మీరు వినండి.

మీవారికి 'బాధగా ఉంది' అని చెబితే అర్థం కాకపోవచ్చు. సంస్కారం తప్పిపోయిన ఆ రోజు సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి.

సంఘం మారడం పాపమని నేననను. కానీ ఆ మందిరంలో మీకు దొరికింది వేరే సిద్ధాంతం కాదు కదా, మీ పేరు అడిగిన మనిషి. ఒక ఏడాది ఇక్కడే ఉండి చూడండి. అప్పటికీ మీరు వంటమనిషిగానే మిగిలితే దాపరికం లేకుండా మీవారితోనూ అయ్యగారితోనూ చెప్పి నిర్ణయం తీసుకోండి. దొంగచాటుగా మాత్రం వెళ్లకండి. ఈలోగా నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం వారాల తరబడి ఉంటే డాక్టరుకి చూపించుకోండి. ప్రార్థనతోపాటు మందూ అవసరమైతే తీసుకోవాలి.

ఆరాధనకి వచ్చి, చివరి వరసలో కూర్చుని, ముగింపు దీవెన కాగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయే కొత్త కోడలు మీ సంఘంలోనూ ఒకామె ఉండే ఉంటుంది. వచ్చే ఆదివారం గుమ్మం దగ్గర ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, పేరు అడగండి.