అది మురికి కాదమ్మా, రుద్దితే పోదు

ప్రశ్న: డాక్టరమ్మా, మాది కదిరి పక్కన పల్లె. మా పాపకు 19 ఏండ్లు, డిగ్రీ చదువుతోంది. ముందు పండ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటాది. ఫోనులో చూసి రెండు నెలలుగా నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దుతోంది. చారలు పోలేదు, ఇప్పుడు కడవ నీళ్ళు తగిలినా జివ్వుమంటోందంట. మా అత్త బొగ్గుపొడితో తోమమంటాది. క్లీనింగ్ చేయిస్తే పండ్లు వదులవుతాయని పక్కింటామె అంటాది. ఏం చెయ్యాల? నాలుగేండ్ల చిన్నోడు కూడా ఉన్నాడు.

జవాబు: ముందు ఆ నిమ్మరసం ఈ పొద్దే ఆపించండమ్మా. పంటి పైపొర ఎనామిల్ ఒంట్లో అన్నిటికన్నా గట్టిది, అయినా పులుపుకు ఓర్చుకోలేదు. సోడా కలిపితే పులుపు విరుగుతుందనుకుంటారు. కొలత లేకుండా కలిపితే మిగిలే పులుపు చాలు, పొర మెత్తబడుతుంది. ఆపైన బ్రష్షు గీకేస్తుంది. విరిగిన ఎముక అతుక్కుంటుంది గానీ, పోయిన ఎనామిల్ మళ్ళీ పుట్టదు.

ఇక ఆ చారలు. మీరు రాసినదాన్ని బట్టి అవి ఫ్లోరైడు చారలే అనిపిస్తోంది. మన నేల కింద గ్రానైటు రాయి, పైన వాన తక్కువ. రాతిలోని ఫ్లోరైడు బోరు నీళ్ళలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో బిడ్డ అవి తాగితే ఎనామిల్ గుల్లబారుతుంది, పన్ను బయటికొచ్చాక ఆ గుల్లలో రంగు దిగుతుంది. పాప సరిగా తోముకోక వచ్చింది కాదు. ఆ మాట ఆమెకు మీరే చెప్పండి.

నేను పుట్టింది మీ కదిరి దగ్గరి తలుపుల అనే ఊరి పక్కన. నా ముందు పండ్ల మీదా ఇవే చారలు. హాస్టల్లో తెల్లారకముందే లేచి ఇటుకపొడితో రుద్ది చిగుళ్ళ నుంచి రక్తం కార్చుకున్నాను. డెంటల్ కాలేజీలో చేరాకే తెలిసింది అది నా తప్పు కాదని. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. బొగ్గుపొడీ అంతే, గరుకు. వేపపుల్ల మెత్తగా నమిలి తోమితే తప్పు లేదు, నువ్వులనూనె పుక్కిలించినా తప్పు లేదు. చారలు మాత్రం వాటితో పోవు.

క్లీనింగ్ అంటే గార తీయడం. దాంతో పండ్లు వదులు కావు. గార పట్టి ముందే వదులైన పన్ను, అది తీశాక కదిలినట్టు తెలుస్తుంది, అంతే. పాపకు గార ఉంటే తీయించండి.

జివ్వుమనడం తగ్గాకే చారల పని. అందాకా పొటాషియం నైట్రేటు, ఫ్లోరైడు ఉన్న పేస్టు వాడనీండి. ఫ్లోరైడుతోనే చెడితే మళ్ళీ ఫ్లోరైడా అని భయపడొద్దు. చెరుపు చేసింది చిన్నప్పుడు కడుపులోకి పోయింది. ఇప్పుడు పైన రాసి ఉమ్మేసేది పంటిని గట్టిపరుస్తుంది. చారలు పైపైనే ఉంటే డాక్టరు సన్నటి పొడి, ఆమ్లం కలిపిన పేస్టుతో వెంట్రుకవాసి పొర తీస్తారు. దీన్ని మైక్రోఅబ్రేషన్ అంటారు. తర్వాత చిగుళ్ళకు రక్షణ పూసి బ్లీచింగ్, అంటే మందుతో పండ్లను తెల్లబరచడం, చేస్తారు. మొదట్లో తెల్లమచ్చలు ఇంకా తెల్లగా కనిపిస్తాయి, కొన్నాళ్ళకు సర్దుకుంటాయి. నాకు చేసింది ఇదే. పూర్తిగా పోలేదు, నవ్వడానికి చెయ్యి అడ్డం అక్కర్లేకుండా పోయింది. పన్ను అరగదీసి పైన అంటించే పలుచటి పెంకులకు, అంటే వెనీర్లకు మాత్రం 19 ఏండ్లకే ఒప్పుకోవద్దు. అరిగించిన పన్ను తిరిగి రాదు, అంటించినవి జీవితాంతం నిలవవు.

చిన్నోడి సంగతి పాప సంగతికన్నా తొందర. పాలపండ్లు ఊడాక వచ్చే పక్కా పండ్లు వాడికి ఇప్పుడే లోపల తయారవుతున్నాయి, ఎనిమిదేండ్ల దాకా అవుతూనే ఉంటాయి. నీళ్ళు కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుంది. ఇంట్లో వాడే బోరు నీళ్ళు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి గ్రామీణ నీటిసరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి. ఎక్కువని తేలితే వాడికి తాగడానికే కాదు, అన్నానికీ పప్పుకూ కూడా ఆర్వో నీళ్ళే పొయ్యండి. పేస్టు బఠానీ గింజంత చాలు. మింగకుండా ఉమ్మేదాకా పక్కనే నిలబడండి.