'ది ఫ్లాష్' సీరీస్ మొదటి సీజన్ తర్వాత ఎందుకు చప్పబడిపోయింది?
2014లో మొదలైన ఈ అమెరికన్ సూపర్‌హీరో కథకు ప్రాణం, మెరుపు వేగంతో పరిగెత్తే హీరో బ్యారీ తల్లి మరణమే. మొదటి సీజన్ చివర్లో అతను కాలంలో వెనక్కి పరిగెత్తి, ఆమె చనిపోయిన ఆ రాత్రికి వెళ్తాడు. భవిష్యత్తు నుంచి వచ్చిన తనే చేత్తో వద్దని సైగ చేస్తే తలుపు చాటునే ఆగిపోతాడు. తర్వాత, ప్రాణం పోతున్న అమ్మ పక్కన కూర్చుని వీడ్కోలు చెప్తాడు. ఇక్కడ విశాఖలో, ఎంవీపీ కాలనీ ఫ్రెండ్స్‌మంతా ఇప్పటికీ ఆ సీన్ గురించే మాట్లాడుకుంటాం. మరుసటి సీజన్ చివర్లో మళ్లీ వెళ్లి ఆమెను కాపాడేశాడు! ఆ త్యాగానికి విలువే లేకుండా పోయింది. పైగా మొదటి మూడు సీజన్లలోనూ పెద్ద విలన్ బ్యారీలాగే వేగంగా పరిగెత్తేవాడే. అప్పట్లో సీజన్‌కు 23 ఎపిసోడ్లు, సాగదీత తప్పదు. అదే అంతరిక్ష సీరీస్ 'ది ఎక్స్‌పాన్స్' చూడండి, అక్కడ ప్రతిదానికీ మూల్యం ఉంటుంది. అంతరిక్ష నౌక వేగం ఒక్కసారిగా పెంచితే లోపలివాళ్ల ప్రాణానికే ముప్పు, ముందుగా మందు ఎక్కించుకోవాల్సిందే.