టెక్ సందేహాలు: 24 రెట్లు దగ్గరగా చూపిస్తే గురి కుదిరినట్టేనా?

ప్రశ్న: మా బావ డల్లాస్‌లో ఉంటాడు, అక్కడి సిటిజనే. సెలవులొస్తే అమరిల్లో వైపు ఫ్రెండ్ ర్యాంచ్‌కి వెళ్లి ప్రెయిరీ డాగ్స్‌ని కొడుతుంటాడు. పాయింట్ 223 రైఫిల్‌కి 3-9×40 స్కోప్ కొనాలా, 6-24×50 కొనాలా అని నన్నడిగాడు. ఎలాగూ వస్తున్నాడు గదా, ఇంకొకటి తెమ్మని మా శనక్కాయ చేల మీద పడే అడవి పందులకి ఎయిర్ గన్ మీద బిగించుకోవచ్చా? (ఒక పాఠకుడు, ఉదయగిరి)

జవాబు: ముందు బావ సంగతి. స్కోప్ అంటే తుపాకీ మీద బిగించే దుర్బిన్. 3-9×40 అంటే 3 నుంచి 9 రెట్ల దాకా దగ్గరగా చూపిస్తుంది, 40 అన్నది ముందు గాజు వెడల్పు మిల్లీమీటర్లలో, 6-24×50 కూడా అలాగే. ప్రెయిరీ డాగ్ అంటే కుక్క కాదు, ఉడత జాతి. బొరియ పక్కన నిలబడినా అడుగు ఎత్తు, మూడు నాలుగు అంగుళాల వెడల్పు. 300, 400 గజాల్లో దాన్ని 9 రెట్లతో చూడటం కష్టమే, కాబట్టి పెద్దదే తీసుకోమనండి. అయితే 24 దగ్గర పెట్టి వాడేది తక్కువ. మిట్టమధ్యాహ్నం కావలి దాటాక హైవే మీద నీళ్లలా ఆడే ఎండమావి ఉంది చూశారా, టెక్సస్ ఎండలో స్కోప్ లోపలా అదే, రెట్లు పెంచేకొద్దీ అదీ పెరిగి బొమ్మ మరుగుతున్నట్టు కనిపిస్తుంది. అప్పుడు 14కో 16కో దించాల్సిందే. పైగా ముందు గాజు 50 మిల్లీమీటర్లది గదా, దాన్ని 24తో భాగిస్తే కంటికొచ్చే వెలుగు కడ్డీ 2 మిల్లీమీటర్లు, అదే 10 దగ్గర 5. సాయంత్రం ఆ తేడా బాగా తెలుస్తుంది.

నన్నడిగితే రెట్లకన్నా ముందు చూడాల్సింది పారలాక్స్, అంటే కన్ను జరిపితే గీత టార్గెట్ మీద జరిగినట్టు కనిపించడం, దాన్ని సర్దే నాబ్. 3-9 స్కోపుల్లో చాలావాటికి అది ఉండదు, 100 గజాలకి ఫ్యాక్టరీలోనే బిగించేస్తారు. షాపులోనే తేల్చుకోవచ్చు: ఖాళీ రైఫిల్‌ని ఇసుక సంచుల మీద కదలకుండా ఆనించి, చేతులు తీసేసి, దూరంగా ఉన్న బోర్డు మీద స్కోప్‌లోని అడ్డగీత పెట్టి తల కొద్దిగా పైకీ కిందకీ ఆడించాలి. గీత బోర్డు మీద జారుతూ ఉంటే, నాబ్ తిప్పాక ఆగాలి. ఆగకపోతే ఆ స్కోప్ వద్దు, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే.

రెండోది ఫోకల్ ప్లేన్, అంటే స్కోప్ లోపల ఆ గీతలు ఉండే చోటు. ఫస్ట్‌లో రెట్లతో పాటు గీతలూ పెరుగుతాయి, సెకండ్‌లో గీతలు అలాగే ఉంటాయి. సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో గీతల మధ్య కొలత ఒక్క రెట్టు దగ్గరే నిజం, మామూలుగా అది గరిష్ఠం. 24 నుంచి 12కి దించితే గీతల మధ్య ఒక్కో గడి టార్గెట్ మీద రెట్టింపు మేర కప్పుతుంది, ఆ లెక్క మర్చిపోతే తూటా ఎటో పోతుంది. ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో ఈ గొడవ లేదు గానీ, 24 దగ్గర గీత కాస్త లావుగా కనిపించి చిన్న జంతువుని కప్పేస్తుంది. గీతతోనే దూరం సర్దుకునేవాళ్లకి ఫస్ట్, టరెట్, అంటే స్కోప్ మీద గురి సర్దే చక్రం, తిప్పి కొట్టేవాళ్లకి సెకండ్. టరెట్ పావు ఎంఓఏది (ఎంఓఏ అంటే కోణం కొలత, 100 గజాల్లో సుమారు అంగుళం) అయితే ఒక్క క్లిక్కుకి 400 గజాల్లో సుమారు అంగుళం జరుగుతుంది, మన టార్గెట్టే మూడంగుళాలని గుర్తుంచుకోమనండి. 30 మిల్లీమీటర్ల ట్యూబ్ ఎక్కువ వెలుగు తెస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు, అది నిజం కాదు, పెరిగేది సర్దుబాటు పరిధి.

ఇక మీ సంగతి. వద్దండి. అమెరికా నుంచి తుపాకీ స్కోప్ బయటికి తీసుకురావడానికి అక్కడ ఎగుమతి నిబంధనలున్నాయి, సూట్‌కేసులో పెట్టుకొచ్చే సామాను కాదు. స్ప్రింగ్ ఎయిర్ గన్ వెనక్కీ ముందుకీ రెండు వైపులా కుదుపుతుంది, దానికని చేయని స్కోప్ లోపల ఊడిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, లైసెన్స్ అక్కర్లేని ఎయిర్ గన్ అంటే 4.5 మిల్లీమీటర్లు, 20 జౌల్స్ లోపలే. దాంతో పంది చావదు, గాయపడి మీ మీదికొస్తుంది. అసలు అనుమతి లేకుండా అడవి పందిని కొడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసు. పంట పాడైందని అటవీ శాఖ వాళ్లకి రాసివ్వండి, చేను చుట్టూ సోలార్ కంచె వేసుకోండి. లైను నుంచి కరెంటు తీగలు లాగే పని మాత్రం పెట్టుకోకండి, దానికి మనుషులే పోతున్నారు.

తెల్లారుజామున పందులు ఏ మూల నుంచి దిగుతున్నాయో చూసుకోవాలంటే 8×42 బైనాక్యులర్ చాలు, అది ఇక్కడే దొరుకుతుంది.