సొంత గేర్ కొనేవారు ముందుగా అడగవలసినది రిజర్వ్ సైజు

ప్రశ్న అడిగినవారు టెక్సస్‌లో చదువుకుంటూ ఈమధ్యనే స్కైడైవింగ్‌లో మొదటి మెట్టు అయిన ‘ఏ’ (A) లైసెన్సు తీసుకున్నారు. బరువు 82 కిలోలు. 150 చదరపు అడుగుల మెయిన్ పారాచూట్ ఉన్న వాడిన రిగ్ (సంచీ పారాచూట్లూ కలిసిన మొత్తం గేరు) ఒకటి చవకగా దొరుకుతోందని, అందులో ఏఏడీ (దూకినవాడు తెరవకపోతే రిజర్వ్‌ను, అంటే అత్యవసర పారాచూట్‌ను, తనంతట తానే తెరిచే పరికరం) లేదని, దాని కోసం మరో వెయ్యి డాలర్లకు పైగా పెట్టడం తప్పనిసరేనా అని వారి సందేహం.

తప్పనిసరి అని చట్టం చెప్పదు. అమెరికాలో విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ నిబంధనలు తాండెం జంపులకు (శిక్షకుడికి కట్టుకుని ఇద్దరూ కలిసి దూకేవి) ఏఏడీ ఉండి తీరాలంటాయి, అక్కడి పారాచూటిస్టుల సంఘం యూఎస్‌పీఏ తన నియమాల్లో విద్యార్థులకు కూడా దాన్ని తప్పనిసరి చేసింది, లైసెన్సు చేతికి వచ్చాక మాత్రం ఆ నిర్ణయం మీదీ, మీరు దూకే డ్రాప్‌జోన్ (స్కైడైవింగ్ మైదానం) యజమానిదీ. అయినా కొనండి. 1991లో జర్మనీ నుంచి సైప్రెస్ అనే ఏఏడీ బజారులోకి వచ్చిన నాటి నుంచి, గాలిలో స్పృహ తప్పినవారు, ఎత్తు చూసుకోవడం మరిచిపోయినవారు ఈ చిన్న పెట్టె పుణ్యాన బతికి బయటపడుతూనే ఉన్నారు. దీని మీద నాకు రెండో మాట లేదు కనుక ఇక్కడ ఎక్కువసేపు ఆగను.

నాకు అభ్యంతరం మరొకచోట ఉంది. మీ ప్రశ్నలో ఏఏడీ ఉంది, మెయిన్ సైజు ఉంది, ధర ఉంది, రిజర్వ్ సైజు మాత్రం లేదు. కొత్తగా గేర్ కొనే మనవాళ్లలో దాదాపు ప్రతి ఒక్కరూ ఇదే వరసలో అడుగుతారు. కంటైనర్ (రెండు పారాచూట్లూ ఉండే సంచి) రంగు, దాని మీద కుట్టించే పేరు, హెల్మెట్, కెమెరా, వీటన్నింటికీ వారాల తరబడి చర్చ జరుగుతుంది. అన్నిటికన్నా చివర, అంతవరకూ చేసిన పొరపాట్లన్నీ నెత్తిన వేసుకుని తెరుచుకోవలసిన గుడ్డ ఎంత పెద్దదో మాత్రం అమ్మేవాడు చెప్పినప్పుడే తెలుస్తుంది. నా దృష్టిలో ఇది తలకిందుల వ్యవహారం.

ఏఏడీ ఏం చేస్తుందో ఒకసారి అంకెల్లో చూడండి. సాధారణ స్పోర్ట్ సెట్టింగులో సైప్రెస్ సుమారు 750 అడుగుల ఎత్తులో, మీరు గంటకు 78 మైళ్లకు మించిన వేగంతో ఇంకా పడిపోతున్నారని గుర్తిస్తే, రిజర్వ్‌ను మూసి ఉంచిన లూపును కత్తిరిస్తుంది. పొట్ట కిందికి పెట్టి పడే మనిషి వేగం గంటకు 120 మైళ్ల దగ్గర ఉంటుంది కనుక ఆ ఎత్తు నుంచి నేలకు నాలుగు సెకన్లకు కాస్త పైగా మాత్రమే మిగులుతుంది. లూపు తెగడంతో ఆ పరికరం పని పూర్తయింది. ఇక తెరుచుకున్న రిజర్వ్‌ను గాలికి ఎదురుగా తిప్పేదీ, చివరి క్షణంలో టాగుల్స్ (బ్రేకు పిడులు) లాగి ఫ్లేర్ చేసేదీ, అంటే దిగే వేగాన్ని తగ్గించేదీ, అది కాదు. మీరు స్పృహలో లేకపోతే, బ్రేకులు వేసి ప్యాక్ చేసిన స్థితిలోనే ఆ గుడ్డ తన ఇష్టం వచ్చిన దిక్కుకు ఎగురుతూ, ఒక్కోసారి గాలితో పాటే పరుగెడుతూ మిమ్మల్ని నేలకు తీసుకువస్తుంది. ఆ దెబ్బ ఎంత గట్టిగా ఉంటుందన్నది మీ బరువూ రిజర్వ్ వైశాల్యమూ కలిసి తేలుస్తాయి. చిన్న రిజర్వ్ పెట్టుకుని ఏఏడీ బిగించుకోవడమంటే సగం పని చేసి డబ్బు పూర్తిగా చెల్లించడమే.

ఇప్పుడు మీ లెక్క. 82 కిలోలంటే దాదాపు 181 పౌండ్లు, దానికి గేరు బరువు పాతిక పౌండ్లు కలిపితే విమానంలోంచి బయటికి వచ్చే బరువు సుమారు 206. దాన్ని 150తో భాగిస్తే వింగ్ లోడింగ్, అంటే ఒక్కో చదరపు అడుగు మోసే పౌండ్లు, 1.37 వస్తుంది. ‘ఏ’ లైసెన్సు వారికి ఎవరైనా సలహా ఇచ్చేది 1.0 దగ్గర, వీలైతే ఇంకా కింద, అంటే మీకు 210 చదరపు అడుగుల మెయిన్ కావాలి. అంతకన్నా ముఖ్యమైన సంగతి, కంటైనర్‌లో మెయిన్ అరా రిజర్వ్ అరా ఒకదానికొకటి సరితూగేలా కుడతారు కనుక, 150 మెయిన్ కోసం కుట్టిన కంటైనర్‌లో చాలామటుకు 143 లాంటి రిజర్వే ఉంటుంది. దాని మీద మీ లోడింగ్ 1.4 దాటుతుంది. తయారీదారు ఆ రిజర్వ్‌కు అనుమతించే గరిష్ఠ బరువు అంతకన్నా ఎక్కువే అని అమ్మేవాడు తప్పకుండా అంటాడు. ఆ అంకె ప్రధానంగా గుడ్డ బలానికీ తాళ్ల బలానికీ సంబంధించినది, మీ మోకాళ్ల బలానికి కాదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు చెబుతాను. నేను నా రిగ్ కొన్నప్పుడు, వయసు మళ్లిన ఒక రిగ్గర్ (పారాచూట్లను పరీక్షించి ప్యాక్ చేసే నిపుణుడు) నన్ను గేరుతో సహా తూకం మీద నిలబెట్టి, అంకె చూసి, రిజర్వ్ 218కి తగ్గకూడదని పట్టుబట్టాడు. దాంతో కంటైనర్ నేను కోరుకున్న దానికన్నా లావుగా వచ్చింది, డ్రాప్‌జోన్‌లో నా తోటివారు చాలాకాలం దాన్ని చూసి నవ్వారు. ఆ తర్వాత ఒక వేసవిలో నలుగురం కలిసి ఫార్మేషన్ జంపుకు వెళ్లాం. విమానం వేడిగా, కిరోసిన్ వాసనతో, ఎప్పటిలాగే ఉంది. బయటికి వచ్చి ముగ్గురం చేతులు పట్టుకున్నాం. ఆలస్యంగా దూకిన నాలుగో మనిషి మమ్మల్ని అందుకోవాలని పైనుంచి తల కిందికి పెట్టి వచ్చాడు, వేగం తగ్గించుకోవడం అతని వల్ల కాలేదు. అతని భుజం నా కుడి చేతిని తాకినప్పుడు నొప్పి కన్నా ముందు చప్పుడు తెలిసింది. ఆల్టీమీటరులో అప్పటికి 7,000 అడుగులు ఉంది.

కుడి భుజం కీలు జారిపోయింది. అంత వేగంలో జారిన చేయి కిందికి వేలాడదు, గాలి దాన్ని వెనక్కి విరిచి పట్టుకుంటుంది, దాంతో శరీరం ఒక పక్కకు తిరగడం మొదలుపెడుతుంది. మెయిన్ తెరిచే పిడి కంటైనర్ అడుగున కుడివైపు ఉంటుంది. దానికి ఎడమ చేతిని అందించబోతే ఇంకా వేగంగా తిరిగాను. అది ఒక్కసారే ప్రయత్నించాను. మిగిలిన ముగ్గురూ పరిస్థితి గ్రహించి దూరంగా తప్పుకోవడం కనిపించింది. ఎడమ రొమ్ము మీద ఉన్న రిజర్వ్ పిడిని చూసి, వేళ్లు దూర్చి, ఎడమ చేత్తోనే పూర్తిగా లాగేశాను. 5,000 అడుగుల ప్రాంతంలో రిజర్వ్ తెరుచుకుంది. కాబట్టి ఏఏడీకి పని పడనే లేదు. నా గేరులో అది ఉంది, దానికి డబ్బు కట్టాను, నేను కోరుకున్నట్టే ఆ రోజు అది ఊరికే కూర్చుంది.

అసలు కష్టం అక్కడి నుంచి. రెండు టాగుల్స్ విప్పితే గానీ మామూలుగా ఎగరలేము, నాకు ఉన్నది ఒక చేయి. ఒక్క టాగుల్ మాత్రమే విప్పితే పారాచూట్ రెండో పక్కకు తిరుగుతూనే ఉంటుంది. అందువల్ల రెండు బ్రేకులూ ప్యాక్ చేసినట్టే వదిలేసి, ఎడమ వెనుక రైజర్‌ను (తాళ్లను భుజం దగ్గర కలిపే పట్టీని) కొద్దికొద్దిగా లాగుతూ, విద్యుత్ తీగలకు దూరంగా ఉన్న ఒక కోసిన గడ్డి పొలం వైపు తిప్పుకుంటూ వచ్చాను. కుడివైపు తిరగవలసినప్పుడు ఎడమ చేతిని మెడ మీదుగా అడ్డంగా పోనిచ్చి అవతలి రైజర్ పట్టుకోవాలి, ఆ ప్రతిసారీ భుజంలో మంట. ఫ్లేర్ అన్న మాటే లేదు. శిక్షణలో మొదటి రోజు నేర్పినట్టు పాదాలూ మోకాళ్లూ దగ్గరగా పెట్టి, నేలను తాకగానే పక్కకు దొర్లాను. చీలమండ బెణికింది, నోట్లోకి మట్టి పోయింది, ఆసుపత్రిలో భుజం మళ్లీ ఎక్కించారు. అంతకు మించి ఏమీ లేదు.

నా లోడింగ్ అప్పుడు 0.92. అదే ల్యాండింగు అదే చేత్తో 1.4 లోడింగ్ ఉన్న గుడ్డ కింద చేసి ఉంటే కాలు విరిగేదని నాకు ఏ సందేహమూ లేదు. ఒక్క అనుభవం నుంచి ఇంత తీర్మానమా అని ఎవరైనా అడగవచ్చు, కానీ బరువును వైశాల్యంతో భాగించడానికి ఎక్కువ అనుభవాలు అక్కరలేదు.

ఏఏడీ విషయంలో ఇంకొక భ్రమ కూడా తొలగించుకోవాలి. మెయిన్ సగం తెరుచుకుని, తాళ్లలో ముడి పడి, గిరగిరా తిరుగుతూ దిగుతున్నప్పుడు మీ వేగం 78 మైళ్ల కన్నా తక్కువే ఉండవచ్చు. అప్పుడు ఆ పెట్టె దృష్టిలో మీరు క్షేమంగా పారాచూట్ కింద ఉన్నట్టే లెక్క. మెయిన్‌ను వదిలించుకోవాలన్న నిర్ణయం మీరే తీసుకోవాలి, అదీ సమయానికి. ‘ఏ’ లైసెన్సు వారు 3,000 అడుగుల కన్నా కింద తెరవకూడదని, 2,500 అడుగుల దగ్గర ఇది పనికొస్తుందా రాదా అన్నది తేల్చేయాలని యూఎస్‌పీఏ చెప్పేది ఇందుకే. మెయిన్‌ను వదిలించుకున్న తర్వాత రిజర్వ్‌ను వెంటనే లాగిపెట్టే ఆర్‌ఎస్‌ఎల్ గానీ, ఇంకా వేగంగా పనిచేసే స్కైహుక్ లాంటి ఏర్పాటు గానీ ఉన్న కంటైనరే చూడండి. పాత రిగ్‌లలో దీన్ని తీసేసి అమ్ముతున్నవాళ్లు ఉన్నారు, తమకు అది అడ్డమని గొప్పగా చెప్పుకుంటారు కూడా.

స్కైహుక్‌నూ, అంతకు ముందు మెయిన్‌ను సులువుగా వదిలించే మూడు రింగుల అమరికనూ కనిపెట్టిన బిల్ బూత్ ఎప్పటి నుంచో ఒక మాట అంటూ ఉంటాడు: గేరు ఎంత భద్రంగా మారితే దూకేవాళ్లు అంత ఎక్కువ తెగిస్తారు, చివరికి చావుల రేటు ఉన్నచోటే ఉంటుంది అని. పూర్తిగా నిజం కాలేదు, అదృష్టం. 1970లలో అమెరికాలో ఏటా సగటున 40 మందికి పైగా స్కైడైవింగ్‌లో చనిపోయేవారు, 2023లో దాదాపు 36.5 లక్షల జంపులకు 10 మంది. కానీ ఈ రోజుల్లో చనిపోయేవారిలో చెప్పుకోదగ్గ భాగం, ఏ లోపమూ లేకుండా తెరుచుకున్న పారాచూట్ కిందే, నేలకు దగ్గరలో పదునైన మలుపు తీసుకుని చనిపోతున్నారన్నది చూస్తే బూత్ మాటలో ఎంత పస ఉందో తెలుస్తుంది. 1.37 లోడింగ్ ఉన్న గుడ్డ మీకు ఆ మలుపును చాలా సులువుగా అందిస్తుంది.

మనవాళ్ల గురించి ఒక ఫిర్యాదు కూడా ఇక్కడే చెప్పేస్తాను. డ్రాప్‌జోన్‌లో బరువు అడిగితే పెళ్లిచూపుల్లో జీతం చెప్పినట్టు సర్దుబాటు చేసి చెబుతారు, తేడా ఏమిటంటే జీతం పెంచి చెబుతారు, బరువు తగ్గించి చెబుతారు. దాని మీద ఆధారపడి ఒకరు కానోపీ (పారాచూట్ గుడ్డ) ఇస్తారు, ఆ కానోపీ మాత్రం అసలు బరువుతోనే ఎగురుతుంది. రెండోది కెమెరా. 200 జంపుల తర్వాతే హెల్మెట్ మీద కెమెరా పెట్టుకోవాలని యూఎస్‌పీఏ సిఫారసు ఉన్నా, ఏలూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న స్నేహితులకు వీడియో పంపాలన్న తొందరలో పాతిక జంపులకే దాన్ని బిగిస్తారు. అది తాళ్లకు చిక్కుకోవడం ఒక ప్రమాదమైతే, గాలిలో ఉన్నంతసేపూ ఫ్రేములో ఎవరున్నారన్న ధ్యాసే ఉండటం అంతకన్నా పెద్దది.

గాలి విషయంలోనూ లైసెన్సు వచ్చిన రోజు నుంచి మీరు ఒంటరివారే. విద్యార్థిగా ఉన్నప్పుడు నేల మీద గాలి గంటకు 14 మైళ్లు దాటితే శిక్షకుడు మిమ్మల్ని ఆపేవాడు. ఇప్పుడు 20 మైళ్ల గాలిలో కూడా విమానం ఎక్కనిస్తారు, టికెట్టు డబ్బు తీసుకుంటారు. నా హద్దును నేను కాగితం మీద రాసి గేరు సంచిలో పెట్టుకున్నాను, ఎందుకంటే ఉదయమంతా కూర్చుని మధ్యాహ్నానికి విసిగిపోయిన మనిషి గాలి మీటరును చూసే తీరు వేరుగా ఉంటుంది. తోటివాళ్లందరూ విమానం ఎక్కుతుంటే కిందే ఉండిపోవడం చిన్నతనంగా అనిపిస్తుందన్నది నిజమే, నేను చాలాసార్లు ఉండిపోయాను, ఎవరూ రెండో రోజుకు గుర్తుపెట్టుకోలేదు.

ఆ రిగ్ ధర విషయానికి వస్తే, మీకు అది ఏ ధరకూ చవక కాదు. 210 మెయిన్, 218 రిజర్వ్ పట్టే కంటైనర్ వెతకండి. కొత్త జంపర్లు ఒకటి రెండేళ్లలో సైజు తగ్గించుకుని పాతవి అమ్మేస్తారు కనుక అవి కూడా వాడినవి దొరుకుతాయి. కొనేముందు డబ్బు మధ్యవర్తి దగ్గర ఉంచి, గేరును అమ్మేవాడికి సంబంధం లేని, మీరే ఎంచుకున్న రిగ్గర్‌కు పంపించి, రిజర్వ్ విప్పి పరీక్షించమనండి. రిజర్వ్‌ను ఎలాగూ 180 రోజులకొకసారి విప్పి ప్యాక్ చేయించాల్సిందే కనుక ఆ ఖర్చు వృథా పోదు. ఆ ప్యాకింగ్ కార్డు మీద రిజర్వ్ సైజు, తయారైన తేదీ, సీరియల్ నంబరు ఉంటాయి, అవి అమ్మేవాడు చెప్పిన వాటితో సరిపోవాలి. ఏఏడీ వాడినదే కొంటే దాని తయారీ తేదీ, తప్పనిసరి సర్వీసు తేదీలు అడిగి తెలుసుకోండి. జీవితకాలం ముగియవస్తున్న యూనిట్లను రిగ్‌తో కలిపి ఉచితమన్నట్టు అంటగట్టడం ఈ బజారులో మామూలే.