రమ్మీ యాప్ మూతపడినా మా ఆయన ఆట మానలేదు.. దీనికి మందు ఉందా డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. మా ఆయనకి 36 ఏళ్ళు. రొయ్యల గుంటల దగ్గర రాత్రి డ్యూటీ. మూడేళ్ళ క్రితం ఫోన్‌లో రమ్మీ మొదలుపెట్టారు. మొదట్లో యాభై, వంద పెట్టేవారు. ఏడాదిన్నర నుంచి మరీ ఎక్కువైంది. జీతం పడిన రోజే అయిపోతోంది. లోన్ యాప్‌లలో తీసుకున్నారు, ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. రెండుసార్లు నా గొలుసు తాకట్టు పెట్టి నేనే కట్టాను. 2025లో చట్టం వచ్చి ఆ యాప్ ఆగిపోతే గండం గడిచిందనుకున్నాను. నెల తిరక్కుండానే ఎవరో వాట్సాప్‌లో క్రికెట్ పందేలు కాసే ఖాతా, అదే ‘క్రికెట్ ఐడీ’ అంటారు, ఇచ్చారు. ఇప్పుడు అందులో ఆడుతున్నారు. అడిగితే ‘రికవర్ అవగానే మానేస్తా’ అంటారు. మా తమ్ముడేమో ‘నిషేధం పెట్టి ఏం లాభం, సారా ఆపితే తాగేవాళ్ళు తాగడం మానారా’ అంటాడు. మా అత్తయ్య దిష్టి తగిలిందంటుంది. అసలు ఇది జబ్బేనా? ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసులకి చెబుతారేమోనని భయంగా ఉంది. ఆయనకి బీపీ, షుగర్ లేవు. కూర్చుంటే కాళ్ళు లాగేస్తున్నాయని రెండేళ్ళుగా రోజూ ఒక మాత్ర వేసుకుంటారంతే. ఈ మధ్య ‘నేను పోతే మీకీ బాధ ఉండదు’ అంటున్నారు.
– ఓ సోదరి

జవాబు: అమ్మా, మీరు చిట్టచివర రాసిన మాటతోనే మొదలుపెడతాను. ‘నేను పోతే’ అన్న మాటని కోపంలో అన్నదిగా తీసిపారేయకండి. జూదంలో అప్పులపాలైన వాళ్ళలో ఆత్మహత్య ఆలోచనలు మామూలు వాళ్ళకన్నా చాలా ఎక్కువ. పిల్లలు పడుకున్నాక పక్కన కూర్చుని ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది వెనకాడతారు. అలా జరగదు. అడిగే మనిషి దొరికితే గుండెలో బరువు కొంత దిగుతుంది. అవునన్నా, మాట దాటేసినా ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఏ అర్ధరాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు. ఇంట్లో, గుంటల దగ్గర ఉండే పురుగుమందులు, కెమికల్స్‌కి తాళం వేయించండి. యజమానితో మాట్లాడి ఈ రెండు నెలలు పగటి డ్యూటీ ఇప్పించగలిగితే ఇంకా మంచిది.

ఇక మీరు ‘అంతే’ అని తేలిగ్గా రాసిన ఆ మాత్ర. నన్ను పట్టి ఆపింది అదే. దాని పేరు మీరు రాయలేదు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ప్రామిపెక్సోల్ అని గానీ, రోపినిరోల్ అని గానీ ఉందేమో చూడండి. కాళ్ళు లాగే జబ్బుకీ, పెద్దవాళ్ళలో వచ్చే పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బుకీ ఇవి రాస్తుంటాం. మంచి మందులే, చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. కానీ మెదడులో కోరికని, ఉత్సాహాన్ని నడిపే డోపమైన్ అనే రసాయనం పనిచేసే చోటే ఇవీ పనిచేస్తాయి. అందుకని కొందరిలో కోరికలకి కళ్ళెం ఊడిపోతుంది. జీవితంలో పేకముక్క పట్టని మనిషి జూదం మొదలుపెడతాడు. అప్పటికే అలవాటున్న వాడైతే హద్దు దాటతాడు. కొందరు అవసరం లేనివన్నీ కొంటూ పోతారు, కొందరు ఆగకుండా తింటారు. తనలో ఈ మార్పు మందు వల్ల వచ్చిందని రోగికి అస్సలు తట్టదు.

మీరు రాసిన లెక్క చూడండి. ఆట మొదలై మూడేళ్ళు, మాత్ర మొదలై రెండేళ్ళు, ఆట శ్రుతి మించి ఏడాదిన్నర. కుదిరినట్టే కనిపిస్తోంది. అయినా ఇదే కారణమని ఇక్కడ కూర్చుని తేల్చి చెప్పలేను. ఆ మాత్ర డోపమైన్ జోలికి పోని గాబాపెంటిన్ లాంటిదైతే నేను చెప్పిన ఈ లెక్క వర్తించదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మాత్రని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే కాళ్ళ బాధ రెట్టింపవడమే కాదు, ఆందోళన, దిగులు కూడా ముంచుకొస్తాయి. అసలే ఆయన ఉన్న పరిస్థితిలో అది ప్రమాదం. రాసిచ్చిన డాక్టర్‌కి జూదం సంగతి చెబితే తగ్గిస్తూ వచ్చి వేరే మందుకి మారుస్తారు. మందు ఇచ్చినప్పుడు ఆ డాక్టర్ ఈ సంగతి హెచ్చరించారో లేదో మరి. ఓపీలో వందమంది ఉన్న రోజు మేమూ మర్చిపోతుంటాం, ఒప్పుకోవాలి. పనిలో పనిగా రక్తంలో ఫెర్రిటిన్ పరీక్ష చేయించండి. ఒంట్లో ఐరన్ తక్కువైతే కాళ్ళు లాగుతాయి, అది సరిచేస్తే కొందరికి మాత్ర అవసరమే తగ్గుతుంది. తెల్లవార్లూ మేలుకోవడానికి తాగే టీలు కూడా ఆ బాధని పెంచేవే.

మాత్ర కారణం కాకపోయినా ఇది జబ్బే. జూద వ్యసనాన్ని అమెరికా మానసిక వైద్యులు 2013లోనే మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చారు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనూ ఇది వ్యసనంగానే ఉంది. పందెం పెంచుకుంటూ పోవడం, ఆపితే చిరాకు పడటం, అబద్ధాలు, అప్పులు, పోయింది రాబట్టుకోవాలని మళ్ళీ కూర్చోవడం దీని గుర్తులు. మీ ఉత్తరంలో ఇందులో చాలావరకు ఉన్నాయి. ‘రికవర్ అవగానే మానేస్తా’ అన్నది ఆయన ఒక్కరి మాట కాదు. నా దగ్గరికి వచ్చే వాళ్ళలో ఆ మాట అనని వాణ్ణి నేనింకా చూడలేదు.

ఊళ్ళో చెట్టు కింద పేకాట ఎలా ఉంటుందో మీకు తెలుసు. ముక్కలు కలపాలి, పంచాలి, ఒకడు బీడీకి లేస్తాడు, ఇంకొకణ్ణి పెళ్ళాం భోజనానికి పిలుస్తుంది, చీకటి పడితే ఆట కట్టు. ఆ మధ్యలో మనిషికి జేబు తడుముకునే తీరిక దొరుకుతుంది. ఫోన్‌లో ఆ తీరిక లేదు. ఆట రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, మరో బల్ల సిద్ధంగా ఉంటుంది. చేతిలో నోటు తగ్గడం కనపడదు, తెరమీద అంకె మారుతుందంతే. పైగా ‘ఒక్క ముక్క పడితే షో’ అన్న దగ్గర ఓడిపోయినప్పుడు మెదడు దాన్ని ఓటమిగా లెక్కేసుకోదు. గెలుపు అంచుదాకా వచ్చాననుకుంటుంది, అదే ఉత్సాహంతో మళ్ళీ ఆడిస్తుంది. మీ ఆయనకి తోడు గుంటలో నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు, ఎదురుగా నీళ్ళు, నిద్ర పట్టకూడని ఎనిమిది గంటలు, చేతిలో ఫోన్. జూదం నడిపేవాడు ఏరికోరి వెతుక్కున్నా ఇంతకన్నా మంచి గిరాకీ దొరకడు.

మీ తమ్ముడి మాటకి వస్తాను. సగం నిజం అన్నాడు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగ్‌లని 2020లోనే నిషేధించారు. అయినా మీ ఆయన మూడేళ్ళ క్రితం మొదలుపెట్టగలిగారు. పక్క రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే లొకేషన్ యాప్ వేసుకుని చాలామంది ఆడారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో దేశమంతా ఒకే రూలు వచ్చింది. డబ్బు పెట్టి ఆడేది నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా ఆపేశారు. నడిపేవాళ్ళకి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్ళకీ, ఆ డబ్బుని అటూ ఇటూ పంపే సంస్థలకీ శిక్షలున్నాయి. కంపెనీలు కోర్టుకెళ్ళాయి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉండే ఆట అని మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే 1968లో సుప్రీంకోర్టు అన్నది వాళ్ళ వాదనకి పెద్ద ఆధారం. ఉద్యోగాలు, పన్నుల మాటా చెబుతున్నారు. ఆ లెక్కలు వేరేవాళ్ళు చూసుకుంటారు. వైద్యుడిగా నాకు తెలిసిందొకటే, నైపుణ్యంతో ఓడినా అదృష్టంతో ఓడినా తాకట్టుకి పోయేది మీ గొలుసే.

నేను నిషేధం వైపే. సారా సంగతి మీ తమ్ముడే ఎత్తాడు కాబట్టి మన జిల్లా మాటే చెబుతాను. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమమే రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం తెచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, రెండేళ్ళకే సడలించారు. తాగుడు పోలేదన్నది నిజమే. కానీ వాకిట్లోకి వచ్చే సరుకు ఆగితే కొత్తగా అలవాటుపడే కుర్రాళ్ళు తగ్గుతారు. హీరోలు, క్రికెటర్లు టీవీలో ‘ఆడు, గెలువు’ అని పిలవడం ఆగితే ఇంటర్ పిల్లాడికి అది గొప్పగా కనపడదు. ఆ మేలు చిన్నది కాదు. అప్పటికే బానిసైన వాడి సంగతి వేరు. రోజూ తాగేవాడికి ఉన్నట్టుండి మద్యం ఆగిపోతే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్స్ వస్తాయి. దుకాణం మూసేటప్పుడు పక్కన డాక్టర్ ఉండాలి. ఇక్కడ యాప్ మూసేశారు గానీ, ఆడేవాణ్ణి ఎక్కడికి పంపాలో ఇంటివాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఆ ఖాళీలోకే ‘ఐడీ’ వాడు దూరాడు. ఈ ఐడీ ఇచ్చినవాడికి పేరూ ఊరూ ఉండవు. గెలిచినా డబ్బు వస్తుందన్న నమ్మకం లేదు. వాళ్ళు పంపే లింకులు, యాప్ ఫైళ్ళు ఫోన్‌లోంచి తీసేయండి. ఖాతాలోంచి డబ్బు పోయినా, లోన్ యాప్ వాళ్ళు ఫొటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరించినా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పోలీసుల భయం గురించి అడిగారు. కేంద్ర చట్టంలో ఆడేవాళ్ళకి శిక్ష లేదు. రాష్ట్రం 2020లో తెచ్చిన సవరణలో ఆడుతూ పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు ఉంది, మీ భయం అక్కడినుంచే వచ్చి ఉండొచ్చు. కానీ వైద్యం కోసం వచ్చిన మనిషి జూదమాడాడని పోలీస్‌స్టేషన్‌కి కబురు పెట్టడం మా పని కాదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆయన చెప్పింది గుట్టుగా ఉంచాలి.

డబ్బు దగ్గర మీరు కొంచెం గట్టిగా ఉండాలి. గొలుసు ఇకమీదట తాకట్టు పెట్టకండి. మీరు కట్టిన ప్రతిసారీ ఆయనకి కొత్తగా ఆడటానికి అప్పు పుట్టింది. ఇది మీ తప్పని అనడం లేదు, ఏ ఇల్లాలైనా చేసేదే చేశారు. ఒకరోజు ఇద్దరూ కూర్చుని ఎవరికెంత ఇవ్వాలో మొత్తం ఒక కాగితం మీద రాయించండి. మొదటిసారి చెప్పిన మొత్తం పూర్తి మొత్తం కాదు, వారం తర్వాత మళ్ళీ అడగండి. జీతం మీ ఖాతాలో పడేలా చూసుకోండి. స్మార్ట్‌ఫోన్ తీసుకుని బటన్ ఫోన్ ఇవ్వండి, కరెంటు పోయిందనో జనరేటర్ ఆన్ కాలేదనో యజమానికి చెప్పడానికి అది చాలు. జీతం రోజు, గుంటలో రొయ్యల పట్టుబడి అయ్యాక బోనస్ ఇచ్చే రోజు, ఐపీఎల్ నెలలు గండాలు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరో ఒకరు తోడుండాలి.

మందు ఉందా అన్నారు. జూదానికి ఒక్క మాత్రతో తగ్గే మందు లేదు. ప్రధాన వైద్యం కౌన్సెలింగే, అంటే నీతులు చెప్పడం కాదు. ‘ఇంత పోయింది కాబట్టి ఇప్పుడు రావాలి’ అన్న ఆలోచనని పట్టుకుని, అది ఎందుకు తప్పో ఆయన చేతే లెక్క కట్టిస్తారు. ఆడాలన్న తహతహ ఎంత గట్టిగా వచ్చినా సాధారణంగా అరగంటకి మించి అదే జోరులో ఉండదు. ఆ అరగంటలో ఏం చేయాలో ముందే రాసిపెట్టుకుంటారు: రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే చెక్‌ట్రేలు ఎత్తి చూడటం, గట్టు చుట్టూ ఒకసారి తిరగడం, మీకు ఫోన్ చేయడం. మద్యం మాన్పించడానికి వాడే నాల్‌ట్రెక్సోన్ కొందరిలో ఈ తహతహని తగ్గిస్తుంది. లివర్ పరీక్షలు చూసి డాక్టరే ఇవ్వాలి, మెడికల్ షాపులో అడిగి కొనకండి. దిగులు జబ్బు ఉంటే దానికి మందులు బాగా పనిచేస్తాయి. నెల రెండు నెలలు మాని మళ్ళీ ఒకరోజు ఆడితే అంతా అయిపోయిందని కూలబడొద్దు. ఈ జబ్బులో అది మామూలే. మర్నాడే డాక్టర్‌కి చెప్పాలి.

నెల్లూరు సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఒంగోలు వైపు వాళ్ళకి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో చూస్తారు. దిష్టి తీయడానికి అత్తయ్య గారిని వద్దనకండి, ఆవిడ మనసు కుదుటపడుతుంది. కాకపోతే ఆ మర్నాడు ఆసుపత్రికి ఆవిణ్ణే వెంటబెట్టుకురండి. తల్లి మాట మీద మీ ఆయన కదులుతారేమో. రానంటే ముందు మీరొక్కరే వెళ్ళి మాట్లాడండి. కాళ్ళ మాత్ర అట్ట మాత్రం చేతిలో పెట్టుకునే వెళ్ళండి.