చెయ్యి దానంతట అదే జేబులోకి పోతోంది

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా, మెట్‌పల్లి దగ్గర పల్లె. నాకు 31 ఏళ్లు. ఆరేళ్లుగా షార్జాలో బిల్డింగ్ పనుల్లో ఉన్నాను. చెల్లె పెళ్లి బాకీ మిత్తితో కలిసి పెరుగుతోంది. ఊళ్లో ఉన్నప్పుడు సిగరెట్ ముట్టనివాణ్ని, ఇప్పుడు రోజుకో ప్యాకెట్ కాలుస్తున్నాను. రాత్రి ఫోన్ చూస్తూ ఒంటిగంట చేస్తాను. పొద్దున అయిదింటికే బస్సు. ఎనర్జీ డ్రింక్ పడితే గానీ ఒళ్లు కదలదు. ఆన్‌లైన్‌లో ఒకాయన హిప్నోథెరపీతో మూడు సిట్టింగుల్లో సిగరెట్ మాన్పిస్తానంటున్నాడు. 1,500 దిర్హమ్‌లు, గ్యారంటీ అట. మా ఆవిడ ‘అది వశీకరణం, వద్దు’ అంటోంది. నా భయం వేరు. ఇక్కడ స్నేహితుడి దగ్గర ఇంకో అప్పు చేశాను, ఇంట్లో తెలియదు. ఆ మత్తులో అది బయటపెడతానేమో! చేయించుకోవచ్చా?
– ఒక సోదరుడు, షార్జా

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 1,500 దిర్హమ్‌లు జేబులోనే ఉంచుకోండి. హిప్నోథెరపీని, అంటే హిప్నాటిజంతో చేసే చికిత్సను, నేను వద్దనను. గ్యారంటీ ఇచ్చేవాణ్ని మాత్రం వద్దంటాను.

మాది కోరుట్ల. మా అమ్మ బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. రేడియోలో నాటకం వస్తుంటే ఆమె కళ్లు ఎక్కడో గోడ మీద ఉండేవి. వేళ్లు మాత్రం ఆకు చుట్టి దారం కడుతూనే ఉండేవి. మేం పిలిస్తే పలికేది కాదు. ‘పాలు పొంగుతున్నయే’ అంటే మాత్రం చాట పక్కన పెట్టి ఉరికేది. హనుమకొండలో నా క్లినిక్‌కు వచ్చి ‘హిప్నాటిజం అంటే ఏంది మేడమ్’ అని అడిగినవాళ్లకు ఇరవై ఏళ్లుగా నేను ఆ చాట కథే చెబుతున్నాను. మనసు ఒకచోట నిలుస్తుంది, చుట్టూ ఉన్నవి వెనక్కి పోతాయి, అవసరమైతే మనమే లేచి వస్తాం. దీనికి గ్రీకుల నిద్ర మాట మీద పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చిన స్కాట్లాండ్ డాక్టర్ జేమ్స్ బ్రెయిడ్, 1847 నాటికే ఇది నిద్ర కాదని తెలిసి, ‘ఒకే తలపు’ అనే అర్థం వచ్చే ఇంకో పేరు పెట్టాలని చూశాడు. అప్పటికే పాత పేరు పాతుకుపోయింది.

కాబట్టి మీ అప్పు సంగతి మీరు చెప్పాలనుకుంటేనే బయటికొస్తుంది. ఒకటి మాత్రం చూసుకోండి. ‘మీ చిన్ననాటి జ్ఞాపకాలు తవ్వి తీస్తాను’ అనేవాడి దగ్గర కూర్చోవద్దు. ఆ స్థితిలో జరగనివి కూడా జరిగినట్టే అనిపించే ప్రమాదం ఉంది.

ఇక సిగరెట్. పేగుల బాధకు, నొప్పికి, ఆపరేషన్ ముందరి భయానికి హిప్నోథెరపీ పనిచేస్తుందనడానికి మంచి ఆధారాలున్నాయి. సిగరెట్ మాన్పించడంలో మామూలు కౌన్సెలింగ్ కంటే మెరుగని ఇప్పటిదాకా రుజువు కాలేదు. పైగా అందరూ ఒకేలా అందులోకి పోలేరు. కొందరికి అయిదు నిమిషాలు చాలు, కొందరికి ఎంతసేపైనా గోడ గోడలాగే కనిపిస్తుంది. అందుకే నేను దీన్ని తోడుగానే వాడతాను.

మీరు నా ఎదురుగా ఉంటే మొదటి రోజు కళ్లు మూయమనను. ఆ ఇరవై సిగరెట్లూ ఎప్పుడెప్పుడు వెలిగించారో చెప్పమంటాను. బస్సెక్కే ముందు ఒకటి, చాయ్‌తో ఒకటి, ఫోర్‌మన్ అరిచాక ఒకటి. గల్ఫ్ నుంచి వచ్చిన చాలామందిలో నేను చూసింది, గట్టిగా పట్టుకున్నది ఇంటికి ఫోన్ పెట్టేశాక వెలిగించేది. దాంతోనే మొదలుపెడతాం. ఒకే చోట చూపు నిలిపి, ఊపిరి మెల్లగా వదులుతూ మీ ఊరి చెరువు కట్ట మీద కూర్చున్నట్టు ఊహించుకోమంటాను. ఫోన్ పెట్టేశారు, చెయ్యి జేబు వైపు పోతోంది, అక్కడే ఆగి పిడికిలి బిగించి వదిలింది. దీన్నే మళ్లీ మళ్లీ మనసులో చేయిస్తాను. చేతికి ఒక పని అలవాటైతే ఇంకో పనీ అలవాటవుతుంది.

తర్వాత అది మీ సొంతం, నా అవసరం లేదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా అక్కడ పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని బంద్ ఉంటుంది కదా, అందులో పది నిమిషాలు చాలు. స్కఫోల్డింగ్ ఎక్కాక, బండి నడిపేటప్పుడు మాత్రం అసలు చేయొద్దు. మూర్ఛ గానీ, లేని మాటలు వినిపించే జబ్బు గానీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దీని జోలికి పోకూడదు.

నికోటిన్ గమ్ గురించి ఫార్మసీలో అడగండి. మొదటి రెండు మూడు రోజులే చాలా కష్టం, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సిగరెట్ మానితే కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఎనర్జీ డ్రింకులు అంతే తాగితే గుండె దడ, నిద్ర లేమి వస్తాయి, మీరేమో సిగరెట్ మానడం వల్ల అనుకుని మళ్లీ వెలిగిస్తారు. కాబట్టి రెండూ కలిపి తగ్గించండి. మధ్యాహ్నం తర్వాత డబ్బా ముట్టొద్దు.

హిప్నోథెరపీ చేయించుకోవాలనే ఉంటే వీడియోలో తెలుగులో మాట్లాడే క్లినికల్ సైకాలజిస్ట్‌ను వెతకండి. వాళ్లను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. అసలువాళ్లు అడిగితే కోప్పడరు.

మీ ఆవిడకు కూడా టెన్షన్ తక్కువేం లేనట్టుంది. ఆమె ఇక్కడి నుంచి 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

ఆ రెండో అప్పు సంగతి ఆమెకు మీరే చెప్పండి. రాత్రి పదిన్నరకు కాదు, అప్పుడు మెట్‌పల్లిలో పన్నెండు. సెలవు రోజు పొద్దున, ఆమె చాయ్ తాగే వేళకు ఫోన్ చేయండి.